వాచ్‌మన్ కాని పరుశురాం

సూరత్ శివారు భేస్తాన్‌లో మీటింగ్ జరిగే స్కూలు దొరకడానికి జమునకు గంట పట్టింది. ఫోన్‌లో దారి చెప్పినాయన “నీళ్ల టాంకీ వెనక” అన్నాడు. అక్కడ టాంకీలేమో మూడున్నాయి. పైగా వాన.

పక్కన తండ్రి గంగారాం. ఇరవై ఏళ్లు బట్టల మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. గుజరాత్ అంతా మద్య నిషేధమే అయినా, ఆయనకు మాత్రం ఏనాడూ మందు కొరత రాలేదు. మందు మానేసినవాళ్లు ఆదివారం ఆదివారం కలుసుకుంటారని, ఒక్కసారి పోయి చూద్దామని జమున నెల రోజులు బతిమాలితే ఇవాళ కదిలాడు.

గేటు లోపల ఒక కుర్రవాడు బెంచీలు మోస్తున్నాడు. నడుముకు తాళంచెవుల గుత్తి.

“భయ్యా, దారూ ఛోడ్‌నే వాలా మీటింగ్ ఇధర్ హై క్యా?” అని అడిగి, వెనక్కి తిరిగి అరిచింది. “బాపూ, ఏడికి పోతున్నవ్? జర సీదా నిలవడు!”

“గీడనే,” అన్నాడతను తెలుగులో. “లోపటికి రాండ్రి. నువ్వు గిట్ల దినాం తిడితే మీ బాపుకు మీటింగ్ ఎందుకు, భయానికే మానేస్తడు.”

“వాచ్‌మన్‌వా, సలహాలు చెప్పేటోనివా?”

అతను నవ్వాడు. అవుననలేదు, కాదనలేదు. “పరుశురాం,” అన్నాడు. “లోపటి మాటలు లోపల్నే ఉంటయి. నువ్వు పోయి పదకొండింటికి రా.”

పదకొండింటికి గంగారాం ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు.

“ఏమన్నరు బాపూ?”

“చెప్పద్దు.”

“నాకు గూడనా?”

“నీకు గూడ.”

జమునకు కోపం రాలేదు. తండ్రి ఒక మాట నిలబెట్టుకోవడం చూసి చాలా కాలమైంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆమె అరగంట ముందే వచ్చేది. తండ్రి కోసమేనని తనకు తాను చెప్పుకునేది. పరుశురాం బెంచీలు వేసేవాడు, చాయ్ కాచేవాడు.

“ఏంది గీ చాయ్? సూరత్‌ల చక్కెర గూడ బంద్ అయ్యిందా?”

“నువ్వు మాట్లాడుకుంట తాగు. అదే తియ్యగయితది.”

జమున మూతి తిప్పుకుంది గానీ, కప్పు ఖాళీ చేసింది.

నాలుగో వారం కప్పులు తుడుస్తూ ఆమె తన చిన్నప్పటి మాటలు చెప్పింది. తండ్రి తూలుతూ వస్తే తల్లి లింగవ్వ తలుపు తీయడం, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకోవడం. “గందుకే తాగినోన్ని మాత్రం చేసుకోను. మానేసిన అని చెప్పినా నమ్మను,” అంది.

పరుశురాం చేతిలోని కప్పు ఆగిపోయింది.

తర్వాతి రెండు ఆదివారాలూ ఆమె వచ్చేసరికి అతను బయట కనిపించలేదు. చాయ్ మరెవరో పోశారు.

“వాచ్‌మన్ ఏడి బాపూ?”

గంగారాం కూతురి ముఖంలోకి చాలాసేపు చూశాడు. “చెప్పద్దు బిడ్డా,” అన్నాడు ఇబ్బందిగా. జమునకు ఒళ్లు మండింది. వాచ్‌మన్ సంగతి కూడా రహస్యమేనా?

మరుసటి వారం ఆయనే అన్నాడు. “గీ ఐతారం ఇంటోళ్లను గూడ రానిస్తరు. పరుశురాం నిన్ను తప్పక రమ్మన్నడు.”

జమున చిలకపచ్చ చుడీదార్ వేసుకుని వెళ్లింది. గదిలో ముప్పై మంది. ఒకరి తర్వాత ఒకరు హిందీలో, గుజరాతీలో మాట్లాడారు. చివరికి పరుశురాం లేచాడు.

“నా పేరు పరుశురాం. నేను తాగుబోతును,” అన్నాడు తెలుగులో. తర్వాత ప్రతి మాటా హిందీలో కూడా చెప్పాడు. “ఊర్లె నన్ను గన్న అవ్వ సచ్చిపోయిందని ఫోన్ వస్తే, తాగి పడి ఉన్న. రైలు పోయింది. అవ్వ మొఖం సూడలే. ఆ తర్వాత గూడ నాలుగు నెలలు తాగిన. గీ గదికి వచ్చిన మొదటి దినం ఒక్క ముక్క సమజ్ కాలే. తెలుగోడు ఒక్కడు పక్కన ఉంటే బాగుండు అనిపిచ్చింది. గందుకే ఇప్పుడు తెలుగోళ్లు ఎవ్వలొచ్చినా పక్కన కూసుంట. ముట్టక ఇయ్యాలటికి ఏడాది.”

అందరూ చప్పట్లు కొట్టారు. అతను ఇంకా కూర్చోలేదు.

“ఇంకో మాట. నేను వాచ్‌మన్‌ను కాదు. గీ పక్కన సచిన్ ఏరియల సాంచాలు నడుపుత.”

ఆ మాట ఇక్కడెందుకో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. సంగతి తెలిసిన గంగారాం ఒక్కడే తల దించుకున్నాడు.

జమున బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. ‘నేను తాగుబోతును’ అనే ఆ ఒక్క వాక్యం పదిహేనేళ్లలో తన తండ్రి నోట ఇంట్లో ఎన్నడూ రాలేదు. ఇతనేమో, అది వింటే తాను దూరమవుతుందని తెలిసీ ఆమె ఎదుటే చెప్పాడు. వానజల్లు ముఖాన కొడుతున్నా ఆమె కదల్లేదు.

“కోపమా?” వెనక నుంచి పరుశురాం.

“మస్తు.”

“తాగినందుకా?”

“కాదు. గిన్ని దినాలు నాతోటి వాచ్‌మన్ అనిపిచ్చుకున్నందుకు.”

“చెప్తే నువ్వు ముందుగాల వచ్చుడు బంద్ చేస్తవని భయమైంది.”

జమున చున్నీతో ముఖం తుడుచుకుంది. “జిందగీల మల్ల తాగనని మాటిస్తవా?”

“ఇయ్యను,” అన్నాడు నెమ్మదిగా. “గంత పెద్ద మాట నాతోని గాదు. ఇయ్యాల తాగను. గా మాట మాత్రం దినాం పొద్దుగాల చెప్పగల్గుత.”

తన తల మీద చేయి పెట్టి తండ్రి ఎన్ని ఒట్లు వేశాడో జమునకు లెక్కలేదు. ఒక్కటీ సాయంత్రం దాకా నిలవలేదు. ఇంత చిన్న మాటను నమ్మవచ్చనిపించింది.

“అట్లయితె దినాం పొద్దుగాల నాకే చెప్పు,” అంది.

సోమవారం ఆరింటికి ఫోన్ మోగింది.

“జమునా, ఇయ్యాల తాగను.”

ఆమె ఏదో అనబోయేలోగా గంగారాం ఫోన్ లాక్కున్నాడు.

“నేను గూడ తాగను, అల్లుడా!”