ఆట అయిపోయింది, బయటికి రా

ప్లాట్‌నర్ గారు ఆ ఎర్ర దీపం వేయించి ఉంటే ఇదంతా జరిగేది కాదు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఆవిడ ముందైనా చెబుతాను.

ఎర్ర దీపమంటే పెద్దదేమీ కాదు. మా బిల్డింగ్ సెల్లార్‌లో స్విచ్ నొక్కితే లైటు కాసేపు వెలిగి, దానంతటదే ఆరిపోతుంది. మళ్లీ నొక్కాలి. చీకట్లో స్విచ్ ఎక్కడుందో తెలియడానికి దాని లోపల మిణుగురంత ఎర్ర దీపం ఉంటుంది. అది చలికాలంలోనే పోయింది.

నేను ఆ బిల్డింగ్‌కి కేర్‌టేకర్‌ని. మెట్లు తుడుస్తాను, మంచు ఎత్తిపోస్తాను, కుళాయిలు బాగుచేస్తాను. కానీ ఒక్క మేకు కొట్టాలన్నా మూడో అంతస్తు గెర్లిండె ప్లాట్‌నర్ గారు సరే అనాలి. అపార్ట్‌మెంట్ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు.

"సెల్లార్‌లోకి ఎవరు వెళ్తారు ఎబ్నర్ గారూ? చూద్దాంలెండి," అన్నారు.

చూస్తూనే ఉన్నారు. ఈలోగా జులై వచ్చింది. బడికి సెలవులిచ్చారు. వాన పట్టుకుంది.

మా సాల్జ్‌బర్గ్ వాన సంగతి మాకు తెలుసు. పైనుంచి దారాలు వేలాడదీసినట్టు నిలువుగా పడుతుంది. ఒకసారి మొదలైతే దానికి ఇంటికి పోవాలన్న ధ్యాసే ఉండదు. కొండ మీది కోట కూడా కనబడటం మానేసింది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్లలు నలుగురూ నా గుమ్మం ముందు మెట్ల మీద కూలబడ్డారు. నేను లోపల సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేస్తున్నాను. వాళ్ల మాటలన్నీ వినబడుతున్నాయి.

"చేపల మ్యూజియంకి పోదామా?" అంది ఆగ్నెస్.

"లైను వంతెన దాకా ఉంది. టూరిస్టులంతా ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని నిలబడ్డారు," అన్నాడు ఆగ్నెస్ తమ్ముడు వెన్‌జెల్.

"పోనీ, స్విమ్మింగ్ పూల్?"

"నిన్న చూశావుగా? నీళ్ల కంటే మనుషులే ఎక్కువున్నారు."

"లైబ్రరీ?"

"వీడు నోరు మూసుకుని కూర్చుంటే కదా!" అంది వ్రోనీ, కాస్పర్ నెత్తి మీద మొట్టికాయ వేస్తూ.

కాస్పర్‌కి ఏడేళ్లు. సెలవులకి రెండో అంతస్తులో ఉన్న అమ్మమ్మ ఇంటికి వచ్చాడు. వ్రోనీకి పదకొండు. వాళ్ల అమ్మ ట్రాలీబస్సు నడుపుతుంది, సాయంత్రం దాకా రాదు. ఆ గుంపుకి వ్రోనీయే నాయకురాలు.

చివరికి గోళీలు తీశారు. ఒక గోళీ చేయి జారి టకటకమంటూ మెట్లన్నీ దిగింది. వెంటనే మూడో అంతస్తు నుంచి ప్లాట్‌నర్ గారి తల బయటికొచ్చింది.

"ఇవి మెట్లా, మైదానమా? వ్రోనీ! ఇంకోసారి చప్పుడైతే మీ అమ్మతోనే మాట్లాడతా!"

వ్రోనీ ముఖం మాడిపోయింది. అంతకుముందే ఒకసారి ఫిర్యాదు వెళ్లింది. ఇంకోటి వస్తే సెలవులన్నీ గది దాటేది లేదని వాళ్లమ్మ చెప్పేసింది.

"సెల్లార్‌కి పోదాం," అంది వ్రోనీ గుసగుసగా.

"అక్కడ చీకటి కదా?" అన్నాడు కాస్పర్.

"లైటు నేను చూసుకుంటా. భయమేస్తే అమ్మమ్మ ఒళ్లోకి పో, కుందేలూ!"

కాస్పర్ పోలేదు. కుందేలు అన్నాక ఎలా పోతాడు?

సెల్లార్‌లో పొడుగాటి నడవ. దానికి రెండు వైపులా చెక్క పట్టీలతో కట్టిన చిన్న చిన్న గదులు. స్కీలు, పాత మంచాలు, జామ్ సీసాలు, ఎవరికీ అక్కర్లేని సామానంతా అక్కడే. దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. వ్రోనీ వాళ్లింట్లో ఉన్న సెల్లార్ తాళంచెవితో తలుపు తీసి, దాన్ని లోపలి వైపు తాళంలోనే ఉంచేసింది, పోకుండా ఉంటుందని.

దాగుడుమూతలు మొదలయ్యాయి. చప్పుడు చేసినవాళ్లు ఔట్. దొంగ వ్రోనీ. లైటు చూసేదీ వ్రోనీయే. ప్రతిసారీ అంతే. నాయకురాలు కదా అని మిగతా వాళ్లు అనుకున్నారు. అసలు సంగతి వేరు. వ్రోనీకి చీకటంటే చచ్చేంత భయం. స్విచ్ ఎక్కడుంటే తన చేయి అక్కడుండాలి. ఈ విషయం అప్పటిదాకా ఒక్కరికీ చెప్పలేదు.

వెతికి వెతికి విసుగొస్తే వ్రోనీ ఒక ఎత్తు వేసేది. "ఆట అయిపోయింది, బయటికి రా!" అని అరిచేది. కాస్పర్ నమ్మి బయటికొచ్చేవాడు. "దొరికావ్! ఎంత వెర్రివాడివిరా!" అని అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఆ రోజూ అలాగే దొరికాడు.

"ఈసారి నువ్వెంత అరిచినా రాను," అన్నాడు కాస్పర్, చెవులు ఎర్రబడి.

ఇంతలో ఆగ్నెస్‌నీ వెన్‌జెల్‌నీ వాళ్లమ్మ భోజనానికి పిలిచింది. ఇద్దరూ పైకి పోయారు. మిగిలింది వ్రోనీ, కాస్పర్.

"చివరి ఆట," అంది వ్రోనీ. కళ్లు మూసుకుని అంకెలు లెక్కపెట్టింది. కళ్లు తెరిచేసరికి నడవ ఖాళీగా ఉంది. లైటు ఆరిపోయే వేళయింది. చేయి స్విచ్ మీదే ఉంది.

నొక్కకపోతే? కుందేలు ఎలా కెవ్వుమంటాడో చూద్దాం అనుకుంది. చేయి తీసేసింది.

టప్పున చీకటి పడింది.

వ్రోనీ నవ్వు ఆపుకుంటూ నిలబడింది. కాస్పర్ అరవలేదు. పైన ఎక్కడో గొట్టంలో వాన నీరు దూకుతోంది. నడవ చివర నేలలోని తూము గుడగుడమంది, ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు. నవ్వు పోయింది. స్విచ్ కోసం చేయి చాపింది. గోడ తగిలింది. ఇటు తడిమింది. తడి గోడ. అటు తడిమింది. అంతలో చల్లగా, మెత్తగా, వేళ్లున్నట్టు ఏదో తన చెంపకి రాసుకుంది.

ఇక ఒక్క క్షణం ఆగలేదు. తలుపు కింద సన్నటి వెలుతురు గీత కనబడుతోంది. దానివైపు పరుగెత్తింది. పిడి లాగి బయటపడింది. బరువైన ఇనప తలుపు దానంతటదే ఢామ్మని మూసుకుంది.

బయటి వైపు తిరిగే పిడి లేదు. తాళంచెవి లోపలే ఉండిపోయింది.

"కాస్పర్?"

చప్పుడు లేదు.

వాడే వస్తాడులే, లోపల పిడి ఉందిగా అనుకుంటూ వ్రోనీ మెట్లెక్కి పైకొచ్చింది. మెట్టు మీద కూర్చుంది.

"కాస్పర్! ఆప్రికాట్ ఉండలు చల్లారిపోతున్నాయిరా!" పైనుంచి వాడి అమ్మమ్మ పిలిచింది. ఆవిడ కట్టుకున్న ఏప్రన్‌తోనే దిగి వచ్చింది. "వ్రోనీ, మా వాణ్ని చూశావా తల్లీ?"

వ్రోనీ నోరు తెరిచింది. పైన ప్లాట్‌నర్ గారి తలుపు కిర్రుమంది.

"లేదు," అంది వ్రోనీ.

"నది పొంగుతోందని పొద్దున రేడియోలో చెప్పారు. వీడు చూడ్డానికి గానీ పోయాడా?" అని గొణుక్కుంటూ అమ్మమ్మ గొడుగు కూడా తీసుకోకుండా, ఇంటి చెప్పులతోనే వానలోకి పోయింది. "కాస్పర్! కాస్పర్!" అన్న కేక వీధి చివరికి పోయేకొద్దీ సన్నబడింది.

అప్పుడు వ్రోనీ నా తలుపు తట్టింది.

"ఎబ్నర్ గారూ, సెల్లార్ తాళం ఇస్తారా?"

"ఎందుకు?"

"ఊరికే."

ఆ పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఊరికే అయితే ఇవ్వను," అన్నాను.

"కాస్పర్ లోపలున్నాడు," అంది. అని ఏడ్చేసింది.

ఇద్దరం కిందికి పరుగెత్తాం. నా తాళంచెవి దూరలేదు. లోపల ఇంకో తాళంచెవి ఉంటే ఆ తాళంలో బయటి నుంచి ఏదీ దూరదు. పిల్లల ముందు అనకూడని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది. అప్పుడే నా కాలికి చల్లగా తగిలింది. తలుపు కింద నుంచి నీళ్లు వస్తున్నాయి. తూము వెనక్కి తంతోంది.

తలుపు బాదాను. "కాస్పర్! ఒరేయ్!"

లోపల నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఏమిటీ గోల?" అంటూ ప్లాట్‌నర్ గారు దిగొచ్చారు. నీళ్లు చూశారు, నా ముఖం చూశారు. వెంటనే ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేశారు. "ఊరంతా సెల్లార్‌లే మునుగుతున్నాయట. బయల్దేరతామన్నారు. ఎప్పటికొస్తారో!"

వ్రోనీ నన్ను పక్కకి తోసి తలుపు మీద రెండు చేతులూ పెట్టింది. "కాస్పర్! ఆట అయిపోయింది! బయటికి రా!"

లోపల ఏదో చెక్క కదిలినట్టు చిన్న చప్పుడైంది. అంతే.

ఉన్నాడు. వింటున్నాడు. రావడం లేదు.

వ్రోనీ నావైపు తిరిగింది. "వాడు నన్ను నమ్మట్లేదు," అంది.

నీళ్లలోనే మోకాళ్ల మీద కూర్చుంది. తలుపు సందుకి నోరు ఆనించింది. మేమిద్దరం అక్కడే ఉన్నామని కూడా మరిచిపోయింది.

"కాస్పర్, ఇది ఎత్తు కాదు. నేను లైటు కావాలనే నొక్కలేదు. నువ్వు అరిస్తే నవ్వాలనుకున్నా. కానీ నాకే భయమేసింది. నాకు చీకటంటే ఎప్పుడూ భయమే. అందుకే స్విచ్ దగ్గర ఎవర్నీ నిలబడనివ్వను. నిన్ను వదిలేసి పారిపోయా. మీ అమ్మమ్మ అడిగితే చూడలేదని అబద్ధం చెప్పా. ఆవిడ వానలో తిరుగుతోంది."

చెవి తలుపుకి ఆనించింది. తర్వాత చాలా దూరం నుంచి, చాలా చిన్నగా:

"నిజంగా?"

"నిజంగా."

"నా బూట్లలోకి నీళ్లొచ్చాయి వ్రోనీ. ఏమీ కనబట్టంలేదు."

"నాకూ కనబళ్లేదు. నేను మాట్లాడుతూనే ఉంటా. నా గొంతు వైపు రా. చెక్కలు పట్టుకుని నడువు, వదలకు."

"తడి చేతుల్తో స్విచ్ ముట్టుకోవద్దని చెప్పు," అన్నాను నేను.

"స్విచ్ వద్దు. నేరుగా తలుపు దగ్గరికి రా. చెక్కలు అయిపోయాక గోడొస్తుంది. అక్కడ ముఖానికి ఏదో తగులుతుంది..." వ్రోనీ ఆగి నావైపు చూసింది. "అక్కడేముంది ఎబ్నర్ గారూ?"

"నా మాప్. ఆరేశాను."

"అది మాపేనట! దెయ్యం కాదు. నేను దానికి జడిసే పారిపోయా."

లోపల నుంచి నవ్వులాంటిది వచ్చింది. ఆ వెంటనే దబ్బున నీళ్ల చప్పుడు.

"కాస్పర్!"

ప్లాట్‌నర్ గారు నా చేయి పట్టుకున్నారు. గోళ్లు దిగాయి.

"...పడ్డా. లేచా," అంది గొంతు. ఏడుపు కలిసింది అందులో. "మాట్లాడు వ్రోనీ. ఆపకు."

"రేపు చేపల మ్యూజియంకి పోదాం. లైను వంతెన దాకా ఉన్నా నిలబడదాం. లోపల వెచ్చగా ఉంటుంది. సొరచేప ఉంది. కోరపళ్ల చేపలున్నాయి."

"అవంటే నాకు భయం." గొంతు దగ్గరపడింది.

"నాకూ. ఇద్దరం దూరం నుంచే చూద్దాం. నన్నొదిలి పోకేం."

తలుపు లోపలి వైపు అరచేయి తగిలిన చప్పుడైంది. తడిమింది. ఇంకా తడిమింది. పిడి కిందికి వంగింది.

తలుపుతోపాటు చీలమండల ఎత్తు నీళ్లు బయటికొచ్చాయి. వాటి వెనకే కాస్పర్, నీలంగా మారిన పెదాలతో, నా మాప్‌ని గుండెకి హత్తుకుని.

"నేను ఔటా?" అని అడిగాడు.

"కాదు, నేనే ఔట్," అంది వ్రోనీ.

వాడికి నా కోటు చుట్టి పైకి తెచ్చేసరికి వ్రోనీ లేదు. వానలోకి పోయింది, వాడి అమ్మమ్మని వెతకడానికి. ఇద్దరూ తడిసి ముద్దై తిరిగొచ్చారు. ఆవిడ ఏం తిట్టిందో, ఎంత తిట్టిందో వ్రోనీ చెప్పలేదు. కళ్లు మాత్రం వాచి ఉన్నాయి.

ఆ వారంలోనే సెల్లార్‌లో కొత్త లైటు వచ్చింది. మనిషి లోపలున్నంతసేపు ఆరిపోని లైటు. మీరు ముందే చెప్పారు కదా అని ప్లాట్‌నర్ గారు నాతో ఒక్క మాట అన్నారా? అనలేదు.

సంఘం మీటింగ్ పెట్టారు. పిల్లలు సెల్లార్‌లోకి పోకూడదన్నారు. అందరూ చేతులెత్తారు. అప్పుడు వెనక వరసలో, వాళ్లమ్మ పక్కన కూర్చున్న వ్రోనీ లేచింది. "ఆ రోజు తప్పు నాది. కానీ వాన పడితే మేమెక్కడికి పోవాలి?" అని అడిగింది.

మెల్లగా అందరి తలలూ నావైపు తిరిగాయి.

గుమ్మం పక్కనే నాకో పనిగది ఉండేది. కిటికీ ఉంది, వెలుతురొస్తుంది. బల్ల, సుత్తులు, సైకిళ్లు అన్నీ అక్కడే.

"ఎబ్నర్ గారి సామాను సెల్లార్‌లో పెట్టుకోవచ్చుగా," అన్నారు ప్లాట్‌నర్ గారు తియ్యగా. "ఇప్పుడక్కడ లైటు కూడా బాగుంది."

ఆగస్టులో మళ్లీ వాన పట్టుకుంది. ఆ గదిలో పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. నేను కిందికి స్క్రూల డబ్బా తీసుకుపోతూ గుమ్మంలో ఆగాను. వ్రోనీ దొంగ. కాస్పర్ ఎంతకీ దొరకడం లేదు.

"అయిపోయిందని అరిచెయ్, వాడే వస్తాడు," అంది ఆగ్నెస్.

వ్రోనీ తల అడ్డంగా ఊపింది. బల్ల కింద మళ్లీ చూసింది. కర్టెన్ వెనక మళ్లీ చూసింది. కాస్పర్ అమ్మమ్మ భోజనానికి పిలిచాకే నోరు తెరిచింది.

"ఆట అయిపోయింది, కాస్పర్!"

మాట పూర్తి కాకముందే అల్మారా తలుపు తెరుచుకుంది. కాస్పర్ నవ్వుతూ గెంతాడు.

ఆ అల్మారా నాది. ఆ గదీ నాదే. తొమ్మిదిన్నర చదరపు మీటర్లు, కిటికీతో సహా.