మూడో అంతస్తు చివరి గది తాళం

ఆ గదికి మంచి పేరు లేదు. అద్దెగదుల మేడలో మూడో అంతస్తు, వరండా చివర, 314. మెట్లు తుడిచే ఆవిడ పది అడుగుల ఇవతలే చీపురు ఆపేసేది. ఎందుకమ్మా అంటే, "మీరే తుడుచుకోండి" అనేది. అందులో ఉండే టైలరమ్మ పోయి ఏడాదైంది. అప్పట్నుంచి గది ఖాళీ. రాత్రి తాళం వేస్తారు... తెల్లారేసరికి తలుపు బార్లా తీసి ఉంటుంది.

అందరికీ అది దెయ్యం. తాళాల మేస్త్రికి మాత్రం తలనొప్పి.

అరవై గదుల తాళాలూ బిగించింది ఆయనే మరి. ఎవరి తాళంచెవి వాళ్లది. అన్నీ తెరిచే మాస్టర్ కీ ఒక్కటే, అది రాత్రి వాచ్‌మన్ దగ్గరుంటుంది. ఆ వాచ్‌మన్ మేస్త్రికి సొంత బావమరిది.

మేస్త్రి 314 తాళం మూడుసార్లు మార్చాడు. మూడుసార్లూ కొత్త సిలిండర్, కొత్త స్ప్రింగులు, చెవి గాట్లకి లేచే చిన్న పిన్నులు మాత్రం ఏ గదికే ఎత్తో రాసుకున్న చార్టు ప్రకారమే. మూడుసార్లూ తెల్లారి తలుపు తీసే ఉంది. మేనేజర్ నిలదీసేసరికి ఈయనకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"నా తాళంలో తప్పు లేదండీ. దాని చెవీ, మాస్టర్ కీ... ఈ రెండూ తప్ప ఇంకేదీ దాన్ని తెరవదు. కావాలంటే రాసిస్తాను."

దాని చెవి మేనేజర్ బీరువాలో ఉంది. ఇక మిగిలింది మాస్టర్ కీ. అంటే బావమరిది. "రేపు కూడా తలుపు తీసుంటే మీవాణ్ణి వేరే పని చూసుకోమనండి" అన్నాడు మేనేజర్.

నోటిదూల అంటే ఇదే. ఇంటికెళ్తే భార్య కంచం విసురుగా పెట్టింది. "మా తమ్ముడి పొట్ట కొట్టడానికేనా మీ తాళాలు?" అంది. మేస్త్రి సగం తిని లేచాడు.

ఆ రాత్రి బావమరిది చేత బయట తాళం వేయించుకుని, 314లో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కిటికీ దగ్గర ఒక కుర్చీ, అంతకుమించి ఏమీ లేదు. పన్నెండైంది... ఒంటిగంటైంది... ఒకటే దోమలు. ఎవడో దొరకనీ, వాడి పని చెబుతాను అని పళ్లు నూరుకుంటున్నాడు.

అప్పుడు వినపడింది... మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆగి ఆగి వస్తోంది. వరండాలోకి వచ్చింది. తలుపు అవతల ఆగింది.

తాళంలోకి చెవి దూరింది. ఒక్కో పిన్నూ లేవడం మేస్త్రికి వినిపిస్తోంది. తాళం తిరిగింది.

వచ్చింది ఒక ముసలాయన. సరిగ్గా కింద, 214లో ఉంటాడు. టైలరమ్మ భర్త. ఆవిడ పోయాక ఈ గదిలో ఉండలేక కిందికి మారాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాకే మేస్త్రిని చూశాడు, చూసి బెదరలేదు కూడా.

"నువ్వా నాయనా" అన్నాడు మెల్లగా. "ఇదిగో... ఇది నా కింద గది చెవి. దీనికి పై తలుపు తెరుచుకోకూడదు కదా. రోజూ మా ఆవిడే తీస్తుంది."

మేస్త్రి ఆ చెవి తీసుకుని టార్చి వెలుగులో చూశాడు. ఒళ్లు మండిపోయింది, తన మీద తనకే. మాస్టర్ కీ కూడా పనిచెయ్యాలని తాళంలో పిన్నులుండే ఐదు గుంటల్లోనూ వాటి మధ్య పల్చటి బిళ్ళ వేశాడు. బిళ్ళ పడిన గుంట ఒక ఎత్తు దగ్గర కాదు, రెండు ఎత్తుల దగ్గర వదులుతుంది. అలా ఐదు గుంటలూ కలిస్తే ఆ తాళాన్ని ముప్పై రెండు రకాల చెవులు తెరుస్తాయి. అందులో అసలు చెవీ, మాస్టర్ కీ పోను మిగతా ముప్పై చెవుల లెక్కల్నీ చార్టులో కొట్టేసి, ఇంకే గదికీ ఇవ్వకుండా ఉండాలి. ఈయన కొట్టెయ్యలేదు. వాటిలో ఒకటి పోయి పోయి 214కి పడింది. తప్పు చార్టులో ఉంటే, మూడుసార్లు సిలిండర్ మార్చి ఏం లాభం?

"తెరుచుకోదు కదూ?" అని మళ్ళీ అడిగాడు ముసలాయన.

మేస్త్రి చెవిని తిరిగి ఆయన చేతిలో పెట్టాడు. "...తెరుచుకోదండీ" అన్నాడు.

తెల్లారి మేనేజర్ దగ్గర మాత్రం నిజం ఒప్పుకున్నాడు. "తప్పు నాది. మావాడికేం సంబంధం లేదు." మేనేజర్ పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టాడు. బావమరిది ఉద్యోగం నిలబడింది. సాయంత్రానికల్లా మేస్త్రి 314కి కొత్త లెక్క వేసి, పిన్నులు మార్చి, ఆఫీసులో ఉన్న అన్ని గదుల రెండో జత చెవులూ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒక్కటీ తిరగలేదు. 214ది రెండుసార్లు చూశాడు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్ మోగింది. బావమరిది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"బావా... తాతగారు వచ్చారు. చెవి పెట్టారు. తిరగలేదు."

"తిరగదురా. బాగుచేశానుగా."

"చాలాసేపు అలాగే తిప్పారు. తర్వాత... తలుపు తట్టారు."

"పాపం... మెల్లగా కిందికి దింపి పడుకోబెట్టు."

బావమరిది గొంతు ఇంకా తగ్గించాడు.

"ఎలా దింపను బావా... ఆయన లోపలికెళ్లిపోయారు. పొద్దున్న మేనేజర్‌కి నేనేం చెప్పాలి? తాళం... లోపల్నుంచి ఎవరో తీశారు."