సీసాలో మారిన గుండె

డిటెక్టివ్ రమ్జీ సుర్యాల్ ఆఫీసుకు వచ్చేవాళ్ళలో చాలామంది కుర్చీ అంచున కూర్చుంటారు. ఆ ఉదయం వచ్చిన అమ్మాయి అసలు కూర్చోలేదు. తడిసిన గొడుగులోంచి నీళ్ళు చాప మీదికి కారుతున్న సంగతి కూడా గమనించకుండా తన పేరు నెమత్ షల్బీ అని, వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే డిమాన్‌స్ట్రేటర్‌నని చెప్పింది. ఆ తర్వాత ఆమె అన్న మాటకు సహాయకుడు ఇజ్జత్ టైపు కొట్టడం ఆపేశాడు.

"మా మ్యూజియంలో ఒక గుండె పోయింది, ఉస్తాజ్. దాని చోట ఇంకో గుండె పెట్టారు. నన్ను దొంగనంటున్నారు."

రమ్జీ ఆమెను కూర్చోబెట్టి సోంపు టీ తెప్పించాడు. అతనికి తొందర ఉండదు. భయపడిన మనిషి మొదట చెప్పేది తన భయం గురించేనని, జరిగిన సంగతి రెండో గ్లాసు టీ దగ్గర బయటికొస్తుందని అతని నమ్మకం. అలాగే వచ్చింది.

చాలా ఏళ్ళ కిందట ధర్మాసుపత్రిలో ఒక పేద స్త్రీ చనిపోయింది. శవం కోసం ఎవరూ రాలేదు. ఆమె గుండెలో పై గదులు రెండింటి మధ్య గోడకు పుట్టుకతోనే చిక్కుడు గింజంత రంధ్రం ఉంది. ఆ గుండెను గాజు సీసాలో భద్రపరిచారు. అప్పటినుంచి అలెగ్జాండ్రియాలో డాక్టరైన ప్రతివాడూ దాని ముందు నిలబడి చదువుకున్నవాడే. వచ్చే వారం అది ప్యారిస్‌లో ఒక ప్రదర్శనకు వెళ్ళాలి. ఉపాచార్యుడు బహ్‌గత్ ఆ ఏర్పాట్లన్నీ చేశాడు. ఆదివారం సీసా తుడుస్తూ నెమత్ లోపలికి పరీక్షగా చూసింది.

"పుట్టుకతో వచ్చిన రంధ్రానికి అంచు నున్నగా, పెదవిలా ఉంటుంది. ఇప్పుడున్న దానికి కత్తి గాటు ఉంది. ఎవరో మామూలు గుండె తెచ్చి రంధ్రం కోశారు."

ఆ సంగతి బయటపెట్టింది ఆమే. తాళం చెవి సిబ్బంది గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది, ఎవరైనా తీసుకోవచ్చు. కానీ బాధ్యత ఆమెది. పైగా ఆమె పరిశోధన గుండెల మీదే. గుండెను ఎవరికో అమ్ముకుని, అనుమానం రాకుండా తనే అరిచిందని బహ్‌గత్ అంటున్నాడు. శనివారం కళాశాల సభ కూర్చుంటుంది. దొంగ అన్న ముద్ర వేసి తీసేస్తే ఏ కళాశాలా ఆమెను లోపలికి రానివ్వదు. దమన్‌హూర్‌లో కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే ఆమె తండ్రి, కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ "మా దొక్తోరా" అని కూతురి కబుర్లు చెబుతుంటాడు.

"మీరు చెప్పకుండా ఊరుకుంటే ఏమయ్యేది?" అని అడిగాడు రమ్జీ.

నెమత్ కాస్త ఆలోచించింది. "ఏమీ అయ్యేది కాదేమో. పిల్లలు అబద్ధపు గుండెను చూసి నేర్చుకునేవాళ్ళు. అది తలుచుకుంటే నిద్ర పట్టలేదు."

రమ్జీ కోటు అందుకున్నాడు.

మ్యూజియంలో ఫార్మలిన్ వాసన ముక్కును కోసేలా ఉంది. కొంతసేపటికి ఇజ్జత్‌కు విపరీతంగా ఆకలి వేసింది. ఇన్ని కాలేయాలు, పేగుల మధ్య ఆకలేమిటని తనను తానే అసహ్యించుకున్నాడు. అతని ముఖం చూసి నెమత్ మొదటిసారి నవ్వింది. ఫార్మలిన్ వాసనకు కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ అలాగే ఆకలేస్తుందని, ఎదురుగా ఉన్న ఫలాఫెల్ వడల బండివాడు మూడంతస్తుల ఇల్లు కట్టింది ఆ వాసన పుణ్యానేనని చెప్పింది.

రమ్జీ సీసా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పక్కనే తెల్లటి ప్లాస్టర్ చెయ్యి ఒకటి ఉంది. అది ఆ స్త్రీ ఎడమ చేతి అచ్చు. అందులో బొటనవేలు పొట్టిగా, లావుగా లేదు. సన్నగా పొడుగ్గా మిగతా వేళ్ళ వరసలోనే ఉంది. అందరికీ బొటనవేలిలో రెండే ఎముకలుంటాయని, ఈమెకు మూడున్నాయని, గుండెలో లోపానికీ దీనికీ చుట్టరికం ఉందేమోనన్న అనుమానంతో పాతకాలం ఆచార్యుడెవరో రెంటినీ పక్కపక్కన పెట్టాడని నెమత్ చెప్పింది.

"అమ్ముకునేవాడికి రెండూ కలిసి ఉంటేనే విలువ కదా?"

"అవును. ఒక్కటే ఉంటే సగం కథే."

"మరి చెయ్యిని ఎందుకు వదిలేశాడు?" అన్నాడు రమ్జీ. అది ఎవరినీ అడిగిన ప్రశ్నలా లేదు.

సీసా మూత చుట్టూ నల్లటి తారు పూసి ఉంది. పక్క సీసాల మీద కూడా తారే. వాటి అంచుల మీద వరసగా వెడల్పాటి బొటనవేలి అచ్చులు ఉన్నాయి. వేడి తారును అక్కడక్కడా నొక్కుకుంటూ పోయిన గుర్తులవి. గుండె సీసా మీద అచ్చులు సన్నగా ఉన్నాయి. వెడల్పాటి అచ్చు ఒక్కటీ లేదు.

ఆ తారు పని చేసేది శవాల గది నౌకరు దర్దీర్. పిలిస్తే వచ్చి సీసా వైపు ఒక చూపు చూసి పెదవి విరిచాడు.

"ఇది నా చేతి పని కాదు బాబూ. నా బొటనవేలు చూడండి, రొట్టెలా ఉంటుంది. ఇదెవరో పియానో వాయించినట్టు నొక్కారు."

ఆదివారానికి ముందు ఇక్కడ ఏమైనా జరిగిందా అని రమ్జీ అడిగాడు. కిందటి గురువారం ఒక ఖననం జరిగిందని దర్దీర్ చెప్పాడు. పాఠాలు అయిపోయాక, కోసిన శరీరాన్ని ముక్క కూడా పోకుండా పోగుచేసి, కఫన్ గుడ్డలు చుట్టి, ఫాతిహా ప్రార్థన చదివి అముద్ శ్మశానంలో పూడ్చడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి ఉన్నది ఒక మగ శవం. ఎప్పుడూ లేనిది ప్రధానాచార్యుడు ముర్తజా వాలీ తన డబ్బుతో గుడ్డ తెప్పించాడు. దగ్గరుండి తనే చుట్టాడు.

"దర్జీ దగ్గర కోయించుకొచ్చింది నేనే. ఎనిమిది ముక్కలు. మగాడికి మూడు చాలు కదండీ, మిగిలినవి ఏవీ అంటే, మిగల్లేదు దర్దీర్ అన్నారు. పెద్దవాళ్ళు, చెయ్యి ధారాళం. ఇంకేం అడుగుతాను?"

బహ్‌గత్ వాళ్ళను నిలబెట్టే మాట్లాడాడు. డిటెక్టివులు సినిమాల్లోనే ఉంటారనుకున్నానని వెటకారం చేశాడు. ఆ గుండె ఎక్కడుందో చెబితే ఫీజు తనే ఇస్తానన్నాడు. ప్యారిస్‌లో దాని మీద ప్రసంగించడానికి కొత్త సూటు కూడా కుట్టించుకున్నాడట. అతను బల్ల మీద గుద్దినప్పుడల్లా ఇజ్జత్ కళ్ళు అతని వేళ్ళ మీదే ఉన్నాయి. అవి పొట్టివి, లావువి.

ముర్తజా వాలీ గది పై అంతస్తులో ఉంది. ఆయన అప్పుడే మెట్లెక్కి వస్తూ మలుపు దగ్గర గోడకు ఆనుకుని ఆగాడు. యాభై దాటిన మనిషి, పెదవులు కొద్దిగా నీలంగా ఉన్నాయి. కాస్త ఆగితే సర్దుకుంటుందని సైగ చేశాడు. గదిలో వాళ్ళకు తనే టీ పోశాడు. తన గ్లాసును ఎడమ చేత్తో, చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సిగరెట్టులా ఇరికించుకుని పట్టుకున్నాడు.

నెమత్ గురించి చాలా దయగా మాట్లాడాడు. మంచి పిల్ల, కష్టపడి పైకొచ్చింది. తనంతట తనే రాజీనామా ఇస్తే సభలో గొడవ ఉండదు, కైరోలో ఉద్యోగం తనే చూస్తానన్నాడు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్నాడు. తనకే నచ్చని మాటలు చెప్పే మనిషి ఎదుటివాడి కళ్ళలోకి చూడలేడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇజ్జత్ ఫలాఫెల్ తింటూ, తన ఓటు బహ్‌గత్‌కే అన్నాడు. రమ్జీ తల అడ్డంగా ఊపాడు.

"ఆ గుండె ఎక్కడుందని బహ్‌గత్ ఎన్నిసార్లు అడిగాడు?"

"నాలుగైదు సార్లు."

"ఆచార్యులవారు?"

ఇజ్జత్ నమలడం ఆపాడు. "ఒక్కసారి కూడా అడగలేదు."

శుక్రవారం మధ్యాహ్నం, నమాజు అయ్యాక, నలుగురినీ రమ్జీ మ్యూజియంలోకి పిలిపించాడు. వాన వెలిసింది. పై కిటికీల్లోంచి పడిన ఎండలో సీసాలు తేనె రంగులో మెరుస్తున్నాయి. బహ్‌గత్ గడియారం చూసుకుంటున్నాడు. దర్దీర్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముర్తజా వాలీ స్టూలు మీద కూర్చుని ఎడమ చేతిని కోటు జేబులో పెట్టుకున్నాడు.

రమ్జీ గొంతు పెంచకుండా మాట్లాడాడు. కొత్త గుండెలోని కోత శిక్షణ ఉన్న చెయ్యి చేసింది కాబట్టి బయటి దొంగ కాదు. అమ్ముకునేవాడు చెయ్యి అచ్చును వదలడు కాబట్టి డబ్బు కోసం కాదు. దొంగతనం జరిగితే ఏది పోయిందనే అందరూ చూస్తారు. తాను మాత్రం ఏది మిగిలిందో చూశానన్నాడు.

"మిగిలింది ప్లాస్టర్. పోయింది మాంసం. ఈ రెంటికీ తేడా ఎవరికి కావాలి? మట్టిలో కలపాలనుకున్నవాడికే. ప్లాస్టర్‌కు ఖననం అక్కర్లేదు."

బహ్‌గత్ నవ్వబోయి ఆగిపోయాడు.

తారు మీది అచ్చులు చూపించాడు రమ్జీ. వాటిని నొక్కిన చేతికి మామూలు బొటనవేలు లేదు. ఆ తర్వాత గురువారం ఖననం గురించి చెప్పాడు. మగ శవానికి మూడు గుడ్డలు. మిగతా ఐదు ఏమయ్యాయి?

"శరీరంలోని ఒక భాగాన్ని పూడ్చాలంటే ఒక్క గుడ్డ చాలు. అది ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసు. ఐదు గుడ్డలు చుట్టేది భాగానికి కాదు, మనిషికి. ఆడమనిషికి. ఆ రోజు గుండెను చుట్టినవాడు దాన్ని గుండెగా చూడలేదు. ఎదురుగా ఒక స్త్రీ మొత్తంగా ఉన్నట్టే చుట్టాడు. దొక్తోర్ ముర్తజా, ఆవిడ మీకు ఏమవుతారు?"

ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు. లేచి నెమ్మదిగా నడిచి, ప్లాస్టర్ చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించాడు. రెండు చేతుల్లోనూ బొటనవేలు ఒకేలా సన్నగా, ఒకేలా తప్పు వరసలో ఉంది.

"మా అమ్మ," అన్నాడు.

చిన్నప్పుడు పిన్ని పెంచింది. వేలు చూసి పిల్లలు గేలి చేస్తే, మీ అమ్మ చెయ్యి కూడా ఇంతేనని ఓదార్చేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేదట. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, శవం ఇంటికి రాలేదు. ఇరవై ఏళ్ళు ఆయన ఈ సీసా ముందే పాఠం చెప్పాడు. చెయ్యి అచ్చు కంటబడినప్పుడల్లా మాట మార్చి పక్క బల్ల దగ్గరికి జరిగేవాడు. మనసు తెలుసుకోనక్కర్లేదనుకున్న దాన్ని కళ్ళు కూడా చూడవు. పోయిన వేసవిలో తన గుండెకు పరీక్షలు చేయించుకున్నాడు. అదే గోడ, అదే రంధ్రం. ఇంక చూడకుండా ఉండటం కుదరలేదు. అంతలో ప్యారిస్ మాట వచ్చింది.

"గొడవ సద్దుమణిగాక చెబుదామనుకున్నాను," అన్నాడు. "రోజులు గడిచేకొద్దీ ధైర్యం చాల్లేదు. ఇంతమంది పిల్లలకు మా అమ్మను కర్రతో చూపించి పాఠం చెప్పాను. అది నోటితో ఎలా చెప్పను?"

దర్దీర్ గుమ్మం దగ్గరే ఫాతిహా గొణుక్కోవడం మొదలుపెట్టాడు. బహ్‌గత్ ముఖంలో కోపం నిలవడానికి చోటు వెతుక్కుంటోంది. అందరూ నెమత్ వైపు చూశారు. ఆమె ఏడవలేదు.

"మీరు నా పేరు కప్పి మీ అమ్మను పూడ్చారు, దొక్తోర్. నేను మా నాన్నకు ఏం చెప్పాలో వారం రోజులుగా ఆలోచిస్తున్నాను. మీరు నాకు కైరోలో ఉద్యోగం చూస్తున్నారు."

ఆయన తల వంచుకున్నాడు. రేపు సభలో మొదట లేచేది తానేనని, అక్కడ నెమత్‌కు తన నోటితో క్షమాపణ చెబుతానని, ఆ తర్వాత పదవిలో ఉండనని అన్నాడు. మాట మధ్యలో ఊపిరి అందక బల్ల పట్టుకున్నాడు. కాసేపటికి ఆ సీసా మీద చెయ్యి వేశాడు.

"ఇందులోది తీసి మట్టిలో పెట్టండి. పిల్లలకు అబద్ధం వద్దన్నావు నెమత్, అది నిజం. ఇది ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. మా అమ్మను ఎవరూ అడగలేదు. నన్ను అడగక్కర్లేదు, నా గుండె నేనే ఇస్తున్నాను. కింద పేరు మాత్రం రాయండి."

నెమత్ కోటు జేబులోంచి స్టెతస్కోపు తీసింది. శవాల మధ్య పనిచేసే ఆమెకు అది వాడే అవసరం ఎప్పుడూ రాలేదని ఇజ్జత్‌కు తర్వాత తెలిసింది. డాక్టరైన రోజు తండ్రి కొనిచ్చాడని ఊరికే మోసుకు తిరిగేది. ఆమె ఆచార్యుడి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, ఆయన చొక్కా మీద చల్లటి బిళ్ళ ఆనించి, కళ్ళు మూసుకుంది.

ఆయన ఏదో చెప్పబోయాడు.

"మాట్లాడకండి, దొక్తోర్," అంది నెమత్. "వినబడటం లేదు."