ఎర్రమూత, తెల్లమూత

“రెండు ట్యూబులు. రెండూ గేటు దాటకూడదు. ప్రాణం పోయినా సరే,” అన్నాడు చీఫ్.

“ఎవరి ప్రాణం సార్?”

“నీదేనోయ్.”

ఎదుటివాడి ప్రాణం విషయంలో చీఫ్‌ది ఎప్పుడూ పెద్ద మనసే.

ఎలుక ఒంట్లో రోగాలతో పోరాడే కణాలను రెచ్చగొడితే వాటిలో ఏ జన్యువులు మేలుకుంటాయో తేల్చే పరిశోధన అది. ఆ గుట్టు విదేశీ ముఠాకు చిక్కితే, మనిషి ఒంట్లోని కాపలా కణాలను మనిషి మీదికే ఉసిగొల్పే మందు తయారవుతుంది.

ఏజెంట్ ముంగిస ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. తోడుగా ఏజెంట్ మల్లెను డిపార్ట్‌మెంట్ పంపింది. ఆమె నవ్వితే సెక్యూరిటీ గార్డులు ఐడీ కార్డు అడగడం మరిచిపోయేవారు. ముంగిస అసలు అనుమానించడమే మరిచిపోయాడు.

ఫలితం అనుభవిస్తున్నాడు. మైనస్ ఇరవై డిగ్రీల కోల్డ్ రూమ్. కణతకు మల్లె పిస్టల్. పక్కన ఆ పరిశోధన చేసిన డాక్టరమ్మ.

“రెచ్చగొట్టిన కణాలది ఏది? చెప్పకపోతే ఇతన్ని కాల్చేస్తా,” అంది మల్లె.

“ఎర్రమూతది,” అంది డాక్టరమ్మ వణుకుతూ.

“మరి తెల్లమూత?”

“మామూలు కణాలది. వాటినేమీ చెయ్యలేదు.”

“ఏమీ చెయ్యనిది నాకెందుకు?”

ఎర్రమూత ట్యూబును ఫ్లాస్కులో వేసుకుంది. “ఒంట్లో తూటా దొరికితే హత్య. చలికి పోతే ప్రమాదం. వస్తా మరి!”

తలుపు పడింది. లోపలి హ్యాండిల్ ఆమె ముందే ఊడదీసింది. బూటులోని ట్రాన్స్‌మిటర్ ఆ ఉక్కు గోడల మధ్య మూగబోయింది. ముంగిస భుజంతో తలుపును గుద్దాడు, తన్నాడు, చివరికి బతిమాలాడు కూడా. అతనికి భయమేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.

వెనక నుంచి నవ్వు వినిపించింది. చలికి ఈవిడకు మతి పోయిందనుకున్నాడు.

“పోల్చి చూసే కంట్రోల్ ట్యూబును వదిలేసి పోయిందయ్యా!” అంది డాక్టరమ్మ తెల్లమూత ట్యూబు చూపిస్తూ. “మామూలప్పుడు ఏ జన్యువు ఎంత పనిచేస్తుందో తెలియకుండా, రెచ్చిపోయాక ఏది పెరిగిందని చెబుతారు? ఇది లేకపోతే అది దండగే.”

“అయితే తిరిగొస్తుందా?”

“కొనేవాడు చదువుకున్నవాడైతే వెనక్కి తరుముతాడు. మూర్ఖుడైతే మన పని ఇంతే.”

ముంగిస జీవితంలో మొదటిసారి శత్రువు తెలివైనవాడు కావాలని మొక్కుకున్నాడు. తన కోటు విప్పి డాక్టరమ్మకు కప్పాడు. స్పానర్ పట్టుకుని తలుపు పక్కన నక్కాడు. వేళ్లు కొయ్యబారాయి. డాక్టరమ్మ మాట ముద్దయింది, తరవాత ఆగిపోయింది. “అమ్మా, నిద్రపోవద్దు!” అని అరిచాడు.

గడియ కదిలింది.

ముందు పిస్టల్ వచ్చింది. ముంగిస మిగిలిన బలమంతా కూడదీసుకుని స్పానర్‌తో మణికట్టు మీద కొట్టాడు. మల్లె కెవ్వుమంది. పిస్టల్ అతని చేతికొచ్చింది, ఫ్లాస్కు ఆమె భుజానే ఉంది. తలుపు తెరుచుకోగానే బూటులోని ట్రాన్స్‌మిటర్ కుయ్యిమంది. గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా కాచుక్కూర్చున్న కొనుగోలుదారుణ్ణి, ఆ సంకేతం అందుకున్న మనవాళ్లు కారుతో సహా పట్టుకున్నారు.

వరండాలో వెచ్చటి గాలి తగలగానే డాక్టరమ్మ కళ్లు తెరిచింది. “ట్యూబులు?” అంది. రెండూ చూపించాక నిశ్చింతగా మళ్లీ కళ్లు మూసుకుంది.

“ఎలా బతికి బయటపడ్డావోయ్?” అని ఫోన్‌లో ఆశ్చర్యపోయాడు చీఫ్.

“కొనేవాడు చదువుకున్నవాడు సార్. అదే మన డిపార్ట్‌మెంట్ కొనుంటే, ఈపాటికి గడ్డకట్టిపోయేవాళ్లం.”