చివరి చరణం లేని పాట

"నాలుగో చరణం ఏమైందండీ?" ఒళ్లోని అకార్డియన్ దించకుండానే అడిగాడు టాంగి.

"లేదు," అంది ఎనోరా.

"మా నాయనమ్మ పాడేది."

"అయితే ఆవిడనే పిలిపించుకోండి."

"పిలిచినా రాదు. శ్మశానంలో హాయిగా పడుకుంది."

ఎనోరా చిన్నబడి టీచరు. బడి వేడుకకు వాయించమని, రేవులో పడవలు బాగుచేసే ఈ మనిషిని పెద్ద టీచరమ్మ పంపింది. బయట ఫ్రాన్సులోని బ్రెతాన్ తీరపు వాన, పడాలా మానాలా తేల్చుకోలేక, తుంపరగా పడుతోంది.

పాటలో ఒకమ్మాయి రేవులో నిలబడి నావికుడి కోసం చూస్తుంది. మూడు చరణాలూ చూస్తూనే ఉంటుంది. నాలుగోదాంట్లో, అతను ఇక రాడని సముద్రం చెబుతుంది. ఇంత ఏడుపుకి గంతులేసే బాణీ కట్టిన మహానుభావుడెవరో. పిల్లలు మాత్రం తరతరాలుగా నవ్వుతూ పాడుతున్నారు. ఎనోరా కూడా పాడింది, తన పెళ్లి గౌను కుట్టడానికిచ్చిన చలికాలం, పెళ్లాడాల్సిన లోయిక్ సముద్రంలోకి చేపల వేటకెళ్లి తిరిగి రాకపోయేదాకా.

మళ్లీ మొదలుపెట్టిన పాట మూడో చరణంతో ఆగింది. గుండ్రంగా తిరుగుతున్న పిల్లలూ ఆగారు. నడుమ క్లెమాన్స్ అనే పిల్ల నిలబడే ఉంది.

"టీచర్, నేనెప్పుడు బయటికి రావాలి?"

"పాటయిపోయిందిగా, వచ్చేయమ్మా."

"ఎవరి చెయ్యీ పట్టుకోకుండానా? అది దొంగాట."

నిజమే. నాలుగో చరణం పాడాకే నడుమనున్న పిల్ల ఒకరిని ఎంచుకుని, చెయ్యి పట్టుకుని బయటికి రావాలి. ఎనోరా చరణాన్ని కోసేసింది గానీ ఆటను మరిచిపోయింది. క్లెమాన్స్ పెదవి వణుకుతోంది.

"అతను రాడని పాడితేనే ఆ పిల్లకి విడుదల," నెమ్మదిగా అన్నాడు టాంగి.

"మీకేం తెలుసు?"

"లోయిక్ నాకూ తెలుసు. మీరు రోజూ రేవులో నిలబడటమూ తెలుసు. చూడకూడదనే అనుకుంటాను. మా షెడ్డు కిటికీ అటే ఉంది మరి."

ఎనోరా పిల్లల వైపు తిరిగింది. నాలుగో చరణం అందుకుంది. రెండో పాదంలోనే ఆగిపోయింది. మిగతాది పిల్లలు ఉత్సాహంగా అరిచి ముగించారు. క్లెమాన్స్ పక్క పిల్లను లాక్కుని బయటపడి, "ఇప్పుడు టీచర్," అంది.

ఎనోరా నడుమకొచ్చింది. నాలుగు చరణాలూ మళ్లీ ఆమె చుట్టూ తిరిగాయి. ఇక ఎంచుకోవాలి. ఆమె చూపు పిల్లల తలల మీదుగా కుర్చీలోని మనిషి దాకా వెళ్లింది.

"ఆటలో లేనివాళ్లు చెల్లరు టీచర్," అంది క్లెమాన్స్.

టాంగి అకార్డియన్ కింద పెట్టి వచ్చి, ఇద్దరు పిల్లల మధ్య దూరాడు.

ఎనోరా ఏడుస్తూనే చెయ్యి చాచింది. అతని అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. లోయిక్‌ది కాదు. ఆ సంగతి ఒంటపట్టడానికి కాస్త సమయం పట్టింది. పిల్లలు ఓపిగ్గా ఆగారు. తర్వాత ఆమె అతన్ని పట్టుకుని బయటికి నడిచింది.