తలుపు తీసిన అత్తగారు

టైలరమ్మ కుర్చీ అంచున కూర్చుంది. చేతిలో ప్రభుత్వ కాగితం ఉంది.

"మా అత్తగారు వరదలో పోయి డెబ్భై రోజులైందమ్మా. పోయిన సోమవారం మా ఇంటి తలుపు తీసిందట."

డిటెక్టివ్ కళ్ళజోడు సర్దుకుంది. వాళ్ళు కూర్చున్న ఆ ఇంటికి ఆమె పెద్దకోడలు. పక్కన నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నది చిన్నకోడలు. ఆ ఇద్దరి పరిశోధన సంస్థ, తమ అత్తగారి తాళంచెవుల గుత్తి ఎవరు దాచారో కనిపెట్టడంతో మొదలైంది. దాచింది అత్తగారేనని తేలింది. తోడికోడలి తెలివికి మురిసిపోయే తోడికోడలు లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో గానీ, ఆ ఊళ్ళో మాత్రం చిన్నకోడలు ఒక్కతే.

చిన్నకోడలు ఆ కాగితం అందుకుని పైకి చదివింది. "ఇంట్లో ఒక కుటుంబ సభ్యురాలు నివసిస్తున్నారు. ఇల్లు నివాసయోగ్యం. అద్దె సాయం నిలిపివేయడమైనది."

"ఆ సాయం వస్తుందనే ధైర్యంతో గది తీసుకున్నాను," అంది టైలరమ్మ. "శుక్రవారంలోగా మంజూరు కాగితం చూపించకపోతే ఖాళీ చెయ్యమంది ఓనరమ్మ. ఇద్దరు పిల్లలు. మా ఆయన లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్ళోనే ఉండడు. వరద బాధితుల్ని ఉంచిన బడి హాలు కూడా మూసేశారు. ఎక్కడికి పోవాలి?"

"వరద ఇళ్ళ సర్వేకి వచ్చినాయన ఇంకెవరో ముసలావిణ్ణి చూసి పొరబడ్డాడేమో," అంది చిన్నకోడలు.

"నేనూ అదే అనుకుని వెళ్ళి అడిగా. నీలం స్వెట్టరు వేసుకుందన్నాడు. గుండీలన్నీ తెల్లవి, మూడోది మాత్రం ఎర్రది అన్నాడు." ఆమె తన ఛాతీ మీద ఆ గుండీ చోటును వేలితో చూపించింది. "ఆ ఎర్రది నేనే కుట్టానమ్మా, తెల్లది దొరక్క. వరదొచ్చిన రోజు పొద్దున."

"ఆ సంగతి ఎవరికైనా చెప్పావా?" అంది డిటెక్టివ్.

"ఒక్క గుండీ గురించి ఎవరికి చెప్తాను? తప్పిపోయినవాళ్ళ వివరాల్లో కూడా నీలం స్వెట్టరని మాత్రమే రాయించా."

"ఆవిణ్ణి ఆఖరున ఎక్కడ చూశావు?"

"డాబా మీద. పడవలో మా ముగ్గురికే చోటుంది. నన్నూ పిల్లల్నీ ఎక్కించి, తను తర్వాతి దాంట్లో వస్తానంది." ఆమె కొంగు అంచు మడతపెట్టింది. "నేను సరేనన్నాను."

"పడవ మనిషి ఎవరు?"

"ముసుగు కోటు వేసుకున్నాడు. మొహం చూళ్ళేదు. పిల్లల్ని పట్టుకోవడంతోనే సరిపోయింది." ఆమె ఇక ఆగలేకపోయింది. "బతికుంటే మా దగ్గరికెందుకు రాలేదమ్మా? చచ్చిపోతే తలుపెందుకు తీసింది?"

మర్నాడు పొద్దున ముగ్గురూ ఆ వీధికి వెళ్ళారు. గోడలన్నీ ఒకే ఎత్తు దాకా, డాబా పిట్టగోడల దాకా, బురదరంగు. వీధి మొత్తాన్ని ఎవరో టేపు పెట్టి కొలిచి గీత గీసినట్టుంది. పక్షి అరుపు కూడా లేదు.

చిన్నకోడలు తలుపును భుజంతో నెట్టింది. తలుపు కదలలేదు, భుజం కదిలింది.

"నీళ్ళలో నాని చెక్క ఉబ్బిపోయింది," అంది టైలరమ్మ. "కోస్తే గానీ రాదన్నాడు వడ్రంగి. సామాన్ల కోసం వచ్చినప్పుడు మేం వంటింటి కిటికీలోంచే దిగాం."

డిటెక్టివ్ వంగి గడప చూసింది. ఎండిన బురద పెంకుల్లా పగిలి తలుపు అడుగును పట్టుకుని ఉంది. ఒక్క పెంకూ జరగలేదు. కిటికీలోంచి దిగి లోపలివైపు చూస్తే అక్కడా అంతే.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. తుప్పు పట్టిన కుట్టుమిషను తలవంచుకుని నిలబడింది. చెక్క సామాను ఆరుతూ మధ్యమధ్య టక్కుమంటోంది, పక్కగదిలో ఎవరో అడుగు వేసి ఆగినట్టు. అంతలో చిన్నకోడలు కెవ్వుమంది. గోడ అద్దం మీద మందపు బురద మెడ ఎత్తు దాకా ఎండి ఉంది. పైన ఆమె తల ఒక్కటే కనిపించింది.

"నువ్వేనమ్మా," అంది డిటెక్టివ్. "కాస్త నూనె రాసుకుంటే గుర్తుపట్టేదానివి."

టైలరమ్మ లోపలికి రాలేదు. కిటికీ రెక్క పట్టుకుని, పడుకున్న మనిషిని లేపుతున్నట్టు మెల్లగా పిలిచింది. "అత్తయ్యా?"

ఇల్లు మరోసారి టక్కుమంది. చిన్నకోడలు డిటెక్టివ్ మోచేయి పట్టుకుంది. ఈసారి డిటెక్టివ్ కూడా ఆ చేతిని పట్టుకుంది.

వరద సహాయ కార్యాలయంలో సర్వే గుమాస్తా పీలగా, మర్యాదగా ఉన్నాడు. టీ గ్లాసును వేళ్ళ కొసలతో పట్టుకున్నాడు.

"సోమవారం ఎలా వెళ్ళారు?" అడిగింది డిటెక్టివ్.

"నడిచి."

"తలుపు?"

"కొట్టాను. తీసింది."

"తేలిగ్గానే?"

"తేలిగ్గానే."

"ఏమంది?"

అతను గ్లాసులోకి చూశాడు. "'నాకేం కాదు, మీరు వెళ్ళండి' అంది. 'పిల్లలు జాగ్రత్త' అంది."

"ఏ పిల్లలు? ఆవిడ ఒంటరిగా ఉందని రాశారుగా?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టినప్పుడు అరచేతుల్లో అడ్డంగా పట్టీలా కొత్త చర్మం గులాబిరంగులో కనిపించింది.

"చేతులకేమైంది?"

"బండి మీంచి పడ్డాను."

బయటికి రాగానే చిన్నకోడలు గుసగుసలాడింది. "అక్కా, ఇతను అబద్ధాలాడుతున్నాడు."

"కొన్నే. మిగతావి నిజాలు కాబట్టే నాకు భయంగా ఉంది."

గురువారం మధ్యాహ్నం డిటెక్టివ్ అందర్నీ టైలరమ్మ అద్దెగదిలో కూర్చోబెట్టింది. సహాయ కార్యాలయం అధికారిణి రానంటే, "గది చూడకుండా అద్దె సాయం ఎవరికిస్తారు? రండి," అని లాక్కొచ్చింది. కుర్చీలు రెండే. అధికారిణి ట్రంకుపెట్టెకి ఒక కొసన సర్దుకుంది. గుమాస్తా గోడకు ఆనుకున్నాడు. ఓనరమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"చచ్చినవాళ్ళు తలుపులు తీసే సంసారం నా గదిలో వద్దు," అందామె. "మా చెల్లెలి కొడుకు ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

"అందుకే నా అనుమానం ముందు మీ మీదికే పోయింది," అంది డిటెక్టివ్. "ఇలాంటి రిపోర్టుతో లాభపడేది మీరొక్కరే. కానీ ఈ కుటుంబం మీకు వరద తర్వాతే పరిచయం. ఆ ఎర్ర గుండీ మీరు చూసే అవకాశం లేదు."

ఓనరమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. అనుమానం పోయినందుకో, ముందు వచ్చినందుకో తెలియలేదు.

"ఆ తలుపు వరద తర్వాత ఎవరికోసమూ తెరుచుకోలేదు. గడప బురద లోపలా బయటా చెక్కుచెదరలేదు. కాబట్టి గుమాస్తాగారు సోమవారం ఎవర్నీ చూడలేదు. అసలు ఆ వీధిలోకే వెళ్ళలేదు. మరి గుండీ సంగతి? అది కల్పించి చెప్పగలిగేది కాదు. పొద్దున కుట్టారు, సాయంత్రానికి ఆవిడ లేరు. ఆ గుండీ వయసు ఒక్క పూట. ఆ పూటలో దాన్ని చూసింది కోడలు, ఇద్దరు పిల్లలు, పడవలో మనిషి. అంతే."

డిటెక్టివ్ గుమాస్తా చేతులవైపు తిరిగింది.

"బండి మీంచి పడితే అరచెయ్యి గీరుకుపోతుంది. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా ఒకే పట్టీలా చర్మం లేచిపోవాలంటే తాడు జారాలి. ప్రవాహంలో పడవని డాబాకి ఆనించి పట్టుకున్న తాడు. ఆ రోజు సహాయ కార్యాలయం గుమాస్తాల్ని కూడా పడవల మీద పంపారు. 'పిల్లలు జాగ్రత్త' అని ఆవిడ అన్నది నిజమే. గుమ్మంలో కాదు, డాబా మీద. అవునా బాబూ?"

గుమాస్తా తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

"పది నిమిషాల్లో వస్తానమ్మా అన్నాను," అన్నాడు. "తొందరేం లేదులే, అంది. ఇంజను చెడిపోయిందని రిపోర్టు రాశాను. చెడలేదు. నీళ్ళు పెరుగుతుంటే నాకు భయమేసింది."

టైలరమ్మ అతన్నే చూస్తోంది.

"సోమవారం ఆ వీధి మొదటిదాకా వెళ్ళాను. కాళ్ళు రాలేదు. వెనక్కొచ్చి ఫారం తీశాను. 'ఇంట్లో ఎవరైనా ఉన్నారా?' అని ఉంది. లేరు అని రాయడానికి చెయ్యి రాలేదు. ఉంది అని రాశాను. రాశాక ఆ రాత్రి నిద్రపట్టింది."

"ఆ మాటతో వీళ్ళ సాయం ఆగిపోతుందని తెలీదూ?" అంది అధికారిణి.

"తెలుసు. రెండు నెలల్లో మొదటిసారి నిద్రపట్టిందండి."

ఇలాంటి చోట డిటెక్టివ్ ఏదైనా అంటుందని చిన్నకోడలు పెన్ను సిద్ధంగా పట్టుకుంది. ఆమె కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"భయం నాకూ వేసింది," అంది టైలరమ్మ చివరికి. "అందుకే ఒక్కమాట కూడా వాదించకుండా పడవెక్కాను."

అధికారిణి పాత రిపోర్టును అడ్డంగా కొట్టేసింది. "నీ సంగతి రేపు నా గదిలో రాసిస్తావు," అంది గుమాస్తాతో. సంచిలోంచి కొత్త ఫారం తీసి టైలరమ్మకిచ్చింది. "ఇది ఇప్పుడే నింపితే రేపు పొద్దున్నే మంజూరు కాగితం వస్తుంది."

"సాయంత్రమైనా పర్లేదులెండి," అంది ఓనరమ్మ, ఎవరూ అడక్కపోయినా.

టైలరమ్మ రాసుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగింది. కుటుంబ సభ్యుల సంఖ్య.

"కనపడకుండా పోయినవాళ్ళని ఇంకా జాబితాలోంచి తీయలేదమ్మా," అంది అధికారిణి గొంతు తగ్గించి. "ఐదుగురని రాసినా తప్పులేదు. రెండు గదుల అద్దె వస్తుంది."

టైలరమ్మ చాలాసేపు ఆ గడినే చూసింది. తర్వాత నాలుగు అని రాసింది. అంకె వేసి, పక్కన అక్షరాల్లో కూడా రాసింది.

కింద సర్వే చేసినవారి సంతకం ఉండాలి. గుమాస్తా ముందుకు వచ్చి పెన్ను తీసుకున్నాడు. చెయ్యి వణుకుతూ ఉంటే ఫారం ట్రంకుపెట్టె మీద అటూ ఇటూ జారుతోంది. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు.

టైలరమ్మ ముందుకు వంగి, కాగితం కదలకుండా ఆ చివర రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది.