పెనుకొండ తాలూకా ఉలవలు

పెండ్లిచూపులకు వచ్చిన నాగభూషణం బొబ్బట్టు, అదే వాళ్ళ ఓళిగ, ముట్టలేదు. నెయ్యి వేస్తామన్నా ముట్టలేదు. పోనీ నీళ్ళైనా తాగమంటే, సంచిలోంచి సొంత మరచెంబు తీసి, మూత తిప్పి, తన నీళ్ళు తనే తాగాడు.

చౌడేశ్వరి చేతిలో పళ్ళెం అట్లాగే ఉండిపోయింది.

ధర్మవరం నేతగాళ్ళ ఇళ్ళలో దీనికి ఒకటే అర్థం. పిల్ల నచ్చితే పిల్లవాడు ఆ ఇంట్లో ఏదో ఒకటి తింటాడు. నచ్చకపోతే మంచినీళ్ళు తాగి లేస్తాడు. అతను తినేదాకా వెంట వచ్చినవాళ్ళు కూడా తినకూడదు. అందుకే నాగభూషణం మేనమామ సుంకప్ప ఓళిగల వైపు ఆశగానూ, మేనల్లుడి వైపు కోపంగానూ చూస్తున్నాడు.

చౌడేశ్వరి నాయన వెంకటప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరేప్పా, మంచిది. రేపు హిందూపురం వాళ్ళకు మాట ఇచ్చేస్తా."

ఆ హిందూపురం వాణ్ణి చౌడేశ్వరి పోయిన వారమే చూసింది. కూర్చున్నంతసేపూ ఆమె చీర జరీ అసలుదా కాదా అని పరిశీలించాడు తప్ప తల ఎత్తలేదు. ఈ పెనుకొండ బడిపంతులు అట్లా కాదు. ఆమెను చూసి, కిందికి చూసి, మళ్ళీ చూసి, ఆ కంగారులో చెంబు మూత తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నచ్చనివాడు చేసే పని కాదది.

సుంకప్ప చెప్పులు వెతుక్కుంటూ ఉండగా ఆమె మగ్గం గది కిటికీ దగ్గరికి వచ్చింది. బయట సందులో నాగభూషణం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏం సార్, నచ్చకుంటే నచ్చలేదని చెప్పొచ్చు గదా. నీళ్ళు గూడా మోసుకోని రావల్లనా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "నచ్చలేదని ఎవరన్యారు?"

"ఓళిగ వద్దన్యారు గదా."

"ఓళిగ వద్దంటే నువ్వు వద్దని కాదు. మన తిండి మనమే పండించుకోవల్లని బ్లాకు ఆఫీసోళ్ళు పెట్టిన మీటింగులో, మూడువందల మంది పిల్లోళ్ళ ముందర ప్రమాణం చేసినా. ఈ యాభై ఎనిమిదో సంవత్సరం అయిపోయేదాకా పెనుకొండ తాలూకాలో పండిందే తింటానని."

"ఇది ధర్మవరం తాలూకా."

"అదే గదా ఇబ్బంది."

"నీళ్ళకు గూడా తాలూకా ఉంటాదా?"

"అనుమానంగా ఉండె. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్యా."

చౌడేశ్వరికి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. నవ్వు ముందు బయటపడింది.

"ఈ మాట మా నాయనకు చెప్పలేదేం?"

"మా మామ చెప్తానన్యాడు. ఓళిగలు చూసి మర్చిపోయినాడు."

"ఇప్పుడు చెప్పినా సాకనుకుంటాడు. ఈ ఇంట్లో మీరు ఏదో ఒకటి తినకుంటే నేను హిందూపురం పోవల్సిందే."

"వద్దు," అన్నాడతను. ఆమె మాట ముగిసీ ముగియకముందే.

చౌడేశ్వరి వంటింట్లోకి పరిగెత్తింది. బియ్యం నెల్లూరివి. బెల్లం హిందూపురానిది. కందిబేడలు ముదిగుబ్బ సంతవి.

"అవ్వా, పెనుకొండ తాలూకాలో పండింది మనింట్లో ఏమన్నా ఉండాదా?"

రామసుబ్బమ్మ అవ్వ మూలనున్న గోనెసంచి వైపు చూసింది. "సోమందేపల్లి నుంచి మా తమ్ముడు పంపిచ్చిన ఉలవలుండాయి. మన పాలిచ్చే ఎనుముకు పెడతాండాం, అవే."

మరి కాసేపటికి నాగభూషణం మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. ఎదురుగా ఆకులో, ఉప్పు కూడా వేయకుండా వేయించిన ఉలవలు. గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు. ఇల్లంతా గులకరాళ్ళ మీద బండి పోతున్నట్టు ఆ నమిలే చప్పుడొక్కటే.

"ఏమప్పా," అన్నాడు వెంకటప్ప మెల్లగా, "నేతి ఓళిగ వద్దని మా ఎనుము ఉలవలు తింటాండావే?"

"ఇవి మా తాలూకావి," అన్నాడు నాగభూషణం నోటినిండా ఉలవలతో. ఇక ఆపలేక ప్రమాణం సంగతంతా చెప్పేశాడు. సగం మాటలు, సగం పిండి.

వెంకటప్ప అతని వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తోంది గాని భుజాలు నవ్వుతున్నాయి.

"తిన్యాడు లేరా," అంది అవ్వ. "ఏం తింటే ఏం."

అప్పటికే సుంకప్ప మూడో ఓళిగ మీద ఉన్నాడు.

"చాల్లేప్పా, దవడలు పోతాయి," అన్నాడు వెంకటప్ప నవ్వాపుకుంటూ. "హిందూపురం వాళ్ళకు వద్దని కబురు పెడతాలే."

నాగభూషణం కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గొంతు ఎండిపోయింది. అయినా ఆకును చౌడేశ్వరి వైపు జరిపాడు.

"ఇంకొంచెం పెట్టు," అన్నాడు.